నలభై మందికీ తప్పిన ప్రశ్న

నేను రాసిన ఒక పేరా వల్ల ఒక మనిషికి ఉద్యోగం పోయింది. ఆ పేరాలో అబద్ధం ఒక్క ముక్క లేదు. అబద్ధం రాసి ఉంటే ఈపాటికి క్షమాపణ చెప్పుకుని ఊరుకునేవాణ్ణి.

అనకాపల్లిలో కాలేజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పాఠాలకంటే ఎక్కువగా వేదికల మీద వాదించాను. చేతబడి ఉందన్నవాళ్ళతో, ముహూర్తం చూడందే బోరు వెయ్యనివాళ్ళతో, తెలివి కులాన్ని బట్టి వస్తుందన్న పెద్దమనుషులతో. నా దగ్గరున్న ఆయుధం ఒక్కటే: ఆధారం చూపించు. ఎదుటివాడు తడబడితే హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లకు బాగా అలవాటు పడ్డాను.

ఫోనులో పాఠాలు వచ్చినప్పుడు అందరికంటే ముందు సంబరపడ్డది నేనే. ఇక చదువుకు ఎవరి దయా అక్కర్లేదు, ముందు బెంచీ వెనక బెంచీ ఉండవు, కూతుర్ని బడి మాన్పించే తండ్రి అడ్డం రాలేడు అని సభల్లో చెప్పాను. అందుకే నా పాత విద్యార్థి ఒకడు, ఇప్పుడు ప్రొఫెసరు, ఇంటికొచ్చి అడగ్గానే ఒప్పుకున్నాను. పనిచేసేచోట ఫోను పాఠాలు ఎంతవరకు ఉపయోగపడుతున్నాయో అతను పరిశోధన చేస్తున్నాడు. ఇక్కడి యాస తెలిసిన మనిషి కావాలి. ప్రశ్నల్ని తెలుగు చెయ్యడం, కార్మికులతో మాట్లాడి రాసుకోవడం నా పని.

అదొక మందుల ఫ్యాక్టరీ. నిన్నటిదాకా ఊడుపులకూ చెరుకు కోతకూ వెళ్ళిన ఆడవాళ్ళు తలకు టోపీ, మూతికి గుడ్డ కట్టుకుని మాత్రలు పెట్టెల్లో సర్దుతున్నారు. అందరూ కాంట్రాక్టు మీదే. భద్రత గురించి పన్నెండు పాఠాలు ఫోనులో చూసి, ఒక్కో పాఠం చివర పది ప్రశ్నలకు జవాబులు పెడితే, పర్మనెంటు చేసేటప్పుడు వాళ్ళ పేర్లు పరిశీలిస్తామని యాజమాన్యం చెప్పింది. క్యాంటీను గోడకున్న టీవీలో పేర్లు నడుస్తుంటాయి. పూర్తిచేసినవాళ్ళ పక్కన ఆకుపచ్చ టిక్కు. దసరాకి ఆ టీవీకి కూడా పసుపు రాసి బొట్టు పెట్టారు. చూసి నవ్వాను. బొట్టు పెట్టినవాళ్ళకి ఆ టిక్కు మీద ఏ నమ్మకమూ లేదనీ, నమ్మింది నేనూ ప్రొఫెసరేననీ అప్పటికి నాకు తెలీదు.

పాఠం చూడటానికి డ్యూటీలో పావుగంట కూడా ఇవ్వరు. ఇంటి దగ్గర చూసుకోవాలి. ఇంటి దగ్గర ఫోను మొగుడి జేబులోనో పిల్లల చేతిలోనో ఉంటుంది. అయినా ఒక్కరు తప్పకుండా అందరూ పూర్తిచేసినట్టు లెక్క చూపిస్తోంది. ప్రొఫెసరు మురిసిపోయాడు. అవకాశమిస్తే ఎవరైనా నేర్చుకుంటారని నేను క్లాసులో చెప్పిన మాటే నాకు తిరిగి అప్పజెప్పాడు.

ఆ జవాబులు తిరగేస్తుంటే ఒకచోట ఆగిపోయాను. ఒక ప్యాకింగు లైనులో పనిచేసే నలభై మందీ ఒకే ప్రశ్న తప్పారు. తప్పు జవాబు కూడా ఒకటే. పొడి ఒలికి మిషను కింద చేరితే మొదట ఏం చెయ్యాలి? మిషను ఆపాలని పాఠం. సూపర్వైజర్ని పిలవాలని నలభై మంది జవాబు.

మర్నాడు భోజనాల వేళ ఆ లైను బల్ల దగ్గర కూర్చున్నాను. అడగడానికి జంకుతుంటే, సముద్రపొడ్డు పూడిమడక నుంచి వచ్చే ఆవిడ ఎండుచేపల కూర కలుపుకుంటూ తనే బయటపెట్టింది.

“గాలి ఎటు మల్లుతాదో సూసి సెప్పమనండి, సెప్తాను. ఈ ఫోన్లో బొమ్మ ఏటి సెప్తాదో నాకు తెల్దు మేస్టారూ. అందరికీ మా అప్పే రాసేసింది. అందరం ఒక్కలాగే పాసయ్యేం, ఒక్కలాగే తప్పేం. ఎవులికేటి నస్టం?”

బల్లంతా నవ్వింది. ఆవిడ అప్ప అని అక్క వరసలో పిలిచిన మనిషి మాత్రం నవ్వలేదు. ముప్పై దాటిన మనిషి, దగ్గర్లోని చెరుకు పండే పల్లె ఆమెది. తింటున్న చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. దొరికిపోయిన మనిషిలా లేదు. లెక్క అప్పజెప్పడానికి వచ్చినట్టుంది.

ఊడుపుల రోజుల్లో ఒక ఇంటి మడిలో అందరూ దిగుతారు, మర్నాడు ఇంకో ఇంటి మడిలో. మనిషికి మనిషి. ఇదీ అంతేనంది. టీ విరామంలో, బస్సులో ఆమె అందరి ఫోన్లూ తీసుకుని పరీక్షలు రాస్తుంది. అందుకు బదులుగా లైనులో ఆమె వంతు పెట్టెలు మిగతావాళ్ళు సర్దుతారు. పాఠాలు మాత్రం ఆమె పన్నెండూ చూసింది, రెండేసి సార్లు. పొడి ఒంటిమీద పడితే ఏం చెయ్యాలో, ఏ పొడిని నీళ్ళతో కడగకూడదో బస్సులో అందరికీ తన మాటల్లో చెప్పింది కూడా. మా పరిశోధన మొత్తంలో నాకు కనిపించిన నిజమైన పాఠం అదొక్కటే.

ఆ ప్రశ్నకు సరైన జవాబు తెలుసా అని అడిగాను.

“తెలుసండి. మిసను ఆపాలని.”

“మరి?”

“పోయినేడు ఆపేనండి. ఎవుల్నడిగి ఆపేవని మూడ్రోజులు గేటు కాడ నిలబెట్టేసేరు. మిగిలిన తొమ్మిదీ నిజాలే, రాసేను. నలబైమంది పేరు మీద ఈ అబద్దం ఎలాగ రాసీది?”

మాట్లాడే ముందు అంగీకార పత్రం నేనే చదివి వినిపించాను. దాన్ని తెలుగు చేసింది నేనే. మీ పేరు ఎక్కడా రాదు అని అందులో ఉంది. ఆమె రెండుసార్లు అడిగింది, పేరు ఉండదు కదండీ అని. ఉండదన్నాను.

పేరు రాయలేదు. కానీ వేదికల మీద వాదించిన చెయ్యి ఇది, ఆధారం లేకుండా వాక్యం పూర్తి చెయ్యలేదు. ‘ఆ లైనులో డిగ్రీ చదివిన ఏకైక కార్మికురాలు మిగతావారి పరీక్షలు రాస్తున్నారు’ అని రాశాను. చదువు ఎంత ముఖ్యమో అందులో తెలుస్తుందని గర్వపడ్డాను కూడా. దాని కింద, పాఠం ఆపమంటుంది, ఆపితే శిక్ష వేస్తారు, కాబట్టి తప్పు జవాబే ఆ ఫ్యాక్టరీకి సంబంధించిన నిజం అని రెండు పేజీలు రాశాను.

యాజమాన్యానికి నివేదిక చూపించిన రోజు నేనూ వెళ్ళాను. నా మొదటి పేరా తెర మీద పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ రెండు పేజీలు కనిపించలేదు. చివర్లో ‘పరిమితులు’ అన్న శీర్షిక కింద, కొన్ని ప్రశ్నలు స్థానిక పరిస్థితులకు సరిపోకపోవచ్చు అన్న ఒక్క వాక్యం ఉంది. మేనేజరు ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో అప్పుడు నేను అడగలేదు.

ఆ నెలాఖరున ముప్పైతొమ్మిది మందికి కాంట్రాక్టు పొడిగించారు. పూడిమడక ఆవిడ ఫోను చేసి, “మీ మూలానే మేస్టారూ” అని పెట్టేసింది.

ఇప్పుడు పరీక్ష రాస్తున్నంతసేపూ ఫోను కెమెరా మనిషి ముఖాన్ని చూస్తూ ఉంటుంది. ఎవరి జవాబు వాళ్ళే పెట్టాలి. పెట్టారు. మిషను ఆపాలని అందరూ టిక్కు కొట్టి పదికి పది తెచ్చుకున్నారు. లైనులో మిషను జోలికి మాత్రం ఎవరూ వెళ్ళరు. ప్రొఫెసరు దీన్ని మెరుగుదల అంటాడు. ఆ రెండు పేజీలూ తిరిగి పెట్టమని అతనింటికి వెళ్ళి అడిగాను. కాఫీ ఇచ్చాడు. ఎంతో మర్యాదగా, “ఇది ఒక్క కేసు సార్. ఒక్క కేసు చూసి నిర్ధారణకు రాకూడదని మీరే కదా మాకు నేర్పారు” అన్నాడు. నేర్పాను. చేతబడిని ఖండించడానికి నేర్పిన వాక్యం అది.

ఆమె దగ్గరికి వెళ్ళడానికి నాకు మూడు వారాలు పట్టింది. ధైర్యం చాలక కాదని నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. ఇంటి ముందు చెరుకు ఆకు మోపు కడుతోంది. కుర్చీ వేసింది. తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను, తిట్టలేదు. రాసిన కాగితం తెచ్చారా అంది. తీసి చదివాను. అంతా విని అడిగింది.

“డిగ్రీ సదివేనని ఎందుకు రాసేరండి? అది లేకపోతే నా మాట మీరు నమ్మీవోరు కాదా?”

ఆ మాట దాటేశాను. యాజమాన్యానికి లేఖ రాస్తాననీ, జరిగిందంతా పత్రికలకు ఇస్తాననీ, ఆమె తప్పేమీ లేదని నిరూపిస్తాననీ చెప్పాను. నిరూపించడం అన్నాక ఆమె మోపు వదిలేసి లేచింది.

“వద్దండి. నేను రాసేనని పేపర్లో నిరూపిత్తే, మా లైనోళ్ళు రాయించుకున్నారనీ నిరూపించినట్టే. అప్పుడు ఆళ్ళనీ పంపేత్తారు. ఇంకేటీ రాయకండి.”

పర్మనెంటు జాబితా ఇప్పటికీ రాలేదు. వస్తే మిగతావాళ్ళ పేర్లన్నా ఉండాలని ఆమె కోరిక.

ఆమె మాట విని ఏడాది పాటు ఏమీ రాయలేదు. ఇప్పుడు ఇది రాస్తూ సగమే వింటున్నాను. ఆమె చదువు సంగతి ఇక్కడ మార్చి రాశాను. నలభై అన్న లెక్కా మార్చాను, పల్లె ఎటువైపో కూడా. ఇది నిజమని చూపించమంటే నా దగ్గర ఏమీ లేదు, ఉన్న కాగితాలు పొయ్యిలో వేశాను. నమ్మనివాళ్ళు నమ్మకపోవచ్చు.