చెవుల వెనక జుట్టు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఫిల్మ్‌నగర్‌లో నేను అద్దెకున్న ఇంటావిడ సినిమాల్లో హీరోయిన్లకు జడలు వేసేది. ఎవరి తల ముట్టుకున్నా ముందు జుట్టు చెవుల వెనక్కి తోసి, ముఖం తేరిపార చూసేది.

వేపుళ్లు మానేసినా తగ్గని దవడ మీది మొటిమలు కనపడకుండా నేనేమో చెంపల మీదికి జుట్టు వదిలేదాన్ని. ఒక ఉదయం నా జుట్టూ తోసేసింది.

"నెలసరి సక్కగ వస్తదా బిడ్డా?"

మూడేళ్లుగా క్రీములు రాసిచ్చినవాళ్లెవరూ అడగని ప్రశ్న.

"మూణ్ణెల్లకోసారి," అన్నాను.

"గట్లయితే ఉత్త క్రీములతోని పోదు. లేడీ డాక్టరుకు చూపియ్యి. మా బిడ్డకు గూడ గిట్లనే ఉండె."

డాక్టరు పరీక్షలు చేయించి పీసీఓఎస్ అంది, ఆ హార్మోన్ల తేడా వల్లే మొటిమలంది. నా తప్పేం లేదంది, మందులిచ్చింది. ప్రాణం తేలికపడింది.

ఇంటికొచ్చేసరికి ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. అడగకముందే, జుట్టు నేనే చెవుల వెనక్కి తోసుకున్నాను.