బియ్యం డ్రమ్ములో మందుల కార్డు

పదకొండేళ్ళుగా ఒక అట్టముక్క బరువు మోస్తున్నాను. అరచేతిలో పట్టేంత కార్డు. ఊదితే ఎగిరిపోతాది. అయినా బియ్యం తీయడానికి డ్రమ్ము మూత ఎత్తిన ప్రతిసారీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతాది.

నువ్వెవరో నాకు తెలీదు. తెలీకపోవడమే మంచిది. తెలిసినోళ్ళతో చెప్పుకోగలిగితే ఇన్నేళ్ళు ఎందుకు దాస్తాను? నా పేరు రాయను. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉంటాను. మావోళ్ళు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చినోళ్ళు. నేను చదివింది మూడో క్లాసు. తప్పులుంటే సర్దుకుని చదువుకో. కాగితం కూడా కొత్తది కాదు, మనవరాలి పాత నోటుబుక్కుల్లో మిగిలిన పేజీలు. పనికొచ్చేది పారేసే అలవాటు నాకు లేదు.

ఇంకో సంగతి ముందే చెప్తున్నాను. ఇందులో ఏడుపు ఉండదు. క్షమించమని అడగడమూ ఉండదు. ఏం చేసినానో చెప్తాను, విను.

మనవరాలి పేరు గౌరి. నా కొడుకు కూతురు. పన్నెండో క్లాసులో ఉండగా జబ్బు చేసింది. ఆ జబ్బు పేరు నేను నోటితో అనను. ఊపిరితిత్తులది. దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం, మనిషి కర్రపుల్లలా అయిపోవడం, నెలల తరబడి మాత్రలు. నీకు తెలిసే ఉంటాది. ఒంట్లో జ్వరం పెట్టుకునే పరీక్షలు రాసినాది. క్లాసులో ఎప్పుడూ ముందుండే గుంట, ఆ ఏడాది మార్కుల్లో బాగా వెనకబడిపోయినాది.

ఒక యూనివర్సిటీలో, ఏదని రాయను, ఇలాంటి పిల్లలకి ఒక దారి పెట్టినారు. పరీక్షల ఏడాది పెద్ద జబ్బు చేసినోళ్ళకి గానీ, ఇంట్లో పెద్ద కష్టం వచ్చినోళ్ళకి గానీ, మార్కులు కాస్త తగ్గినా సరే సీటిస్తారు. కొన్నే సీట్లు. ఫారంలో జబ్బు పేరు రాసి, డాక్టరు కాగితం పెట్టాలి. తరవాత వాళ్ళ మనిషి ఒకరు ఇంటికొచ్చి, అసలు కార్డు చూసి, పెద్దోళ్ళని అడిగి, నిజమో కాదో రాసుకుని పోతారు.

గౌరి అన్నీ తనే నింపుకున్నాది. మాత్రలు ఏ రోజు వేసుకున్నాదో గుర్తులు పెట్టిన ఆసుపత్రి కార్డుని ముందుగది తలుపు వెనక మేకుకి తగిలించినాది. "ఎప్పుడొస్తారో తెలీదు మామ్మా. నేను లేనప్పుడు వస్తే నువ్వే చూపించు. లెక్కల్లో సీటొస్తే ఇంకేటీ అడగను" అన్నాది.

కాబట్టి నాకు తెలీదు అనే మాట నా దగ్గర చెల్లదు. తెలుసు. అన్నీ తెలుసు.

ఒక పొద్దున్న ఆ యూనివర్సిటీ మనిషి, ఒకావిడ, వచ్చినాది. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. కోడలు పుట్టింటికి వెళ్ళినాది. గౌరి మార్కుల కాగితం తెచ్చుకోవడానికి స్కూలుకి వెళ్ళినాది, అదీ ఈ సీటు కోసమే. కుళాయిలో నీళ్ళొచ్చే వేళ. పక్కింటి అప్పలనర్సమ్మ బిందెలు పట్టుకుంటున్నాది. టోటో అనే బ్యాటరీ ఆటో దిగి ఆవిడ గుమ్మం కాడే నిలబడి బెంగాలీలో గట్టిగా అడిగినాది. మాషిమా అంటే వాళ్ళ భాషలో పిన్నమ్మ.

"మాషిమా, గౌరి వాళ్ళ ఇల్లు ఇదేనా? యూనివర్సిటీ నుంచి వచ్చినాను. ఆ అమ్మాయి జబ్బు సంగతి కనుక్కోవాలి."

అప్పలనర్సమ్మ బిందె నిండి పొర్లిపోతున్నాది. కుళాయి కట్టదే! "ఏటప్పా, ఎవులికి జబ్బు?" అన్నాది.

"నీ సెవులకే జబ్బు. నీళ్ళు పోతన్నాయి, సూసుకో" అన్నాను. "ఒక్క నిమిషం దీదీ, ఇల్లు సర్దుతాను" అని లోపలికెళ్ళి, మేకు మీద కార్డు లాగి బియ్యం డ్రమ్ములోకి తోసేసినాను. చెయ్యి మోచేతి దాకా బియ్యంలోకి పోయినాది. అప్పుడు ఆవిణ్ణి పిలిచినాను. తలుపు వేసినాను. మాకోసం పండక్కి కూడా తీయని పింగాణీ కప్పుల్లో టీ ఇచ్చినాను. మా ఇంటికి ఎవులొచ్చినా మంచి కప్పే ఇస్తాము. అందులో తప్పు లేదు.

ఆవిడ గొంతు తగ్గించినాది. "మీరు చెప్పింది నా కాగితం దాటి పోదు మాషిమా. గౌరి మందులు ఎప్పటిదాకా వాడినాది?"

"మందులేటి? మా ఇంట్లో ఎవులికీ ఏ జబ్బూ లేదు."

"ఫారంలో తనే రాసింది కదా. డాక్టరు కాగితం కూడా పెట్టింది."

"కాగితానికేటి దీదీ? బజార్లో ఏ కాగితం దొరకదు?"

ఆవిడ పెన్ను ఆగినాది. "గౌరి ఎక్కడ?"

"సుట్టాల పెళ్ళికెళ్ళింది. గుండ్రాయిలా ఉన్నాది గుంట."

ఆవిడ మళ్ళీ అడిగినాది, మెల్లగా, చిన్నపిల్లని అడిగినట్టు. మళ్ళీ అదే చెప్పినాను. అప్పుడు ఏదో రాసి, చదివి వినిపించినాది. ఇంట్లో ఏ జబ్బూ లేదని పెద్దావిడ చెప్పింది, కార్డు చూపించలేదు అని. వేలిముద్రకి ఇంకుడబ్బా తీయబోయినాది. నాకు ఒళ్ళు మండిపోయినాది. "నాకు సంతకం వచ్చు" అన్నాను. పెన్ను తీసుకుని తెలుగులో, ఒక్కో అక్షరం దిద్ది మరీ పెట్టినాను. మూడు క్లాసుల చదువు నాకు ఇచ్చింది ఆ సంతకం ఒక్కటే. దాన్ని ఇందుకు వాడినాను.

సాయంత్రం గౌరి వచ్చినాది. అప్పలనర్సమ్మ చెప్పకుండా ఉంటాదా? నేనే ముందు చెప్పేసినాను. "వచ్చినారు. అన్నీ సెప్పినాను. కార్డు ఆవిడే పట్టుకెళ్ళినాది." గౌరి నా మెడ చుట్టూ చేతులు వేసినాది. నా ఇంట్లో అలా కౌగిలించుకోవడాలు లేవు. అయినా ఆ రోజు వదిలించుకోలేదు.

తరవాత ఫోన్లో మెసేజీ వచ్చినాది. విచారణలో వివరాలు నిజమని తేలలేదు, సీటు లేదు అని. గౌరి ఏడవలేదు. గోడకి చేరగిలబడి కూర్చుని ఒక్క మాటే అన్నాది. "కార్డు సూసి కూడా నన్ను దొంగ అనుకున్నారు మామ్మా."

వెళ్ళి అడిగొస్తానన్నాది. నేనే ఆపినాను. "ఒకరి గుమ్మం కాడికెళ్ళి దేబిరిస్తావా? మనకి పరువుంది" అన్నాను. పరువు! ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చినాదో.

ఎందుకు చేసినాను? ఈ ప్రశ్న నాకు నేను వేసుకోని రోజు లేదు. చాలా ఏళ్ళు ఒక జవాబు చెప్పుకున్నాను. నేను కొత్తకోడలిగా ఈ ఊరు వచ్చినప్పుడు మా ఆడబిడ్డకి ఇదే జబ్బు. కుళాయి కాడ మా బిందె ముట్టుకుంటే చేతులు కడుక్కునేవోళ్ళు. మా ఇంటి పిల్లల్ని తమ పిల్లలతో ఆడనిచ్చేవోళ్ళు కాదు. మా ఆడబిడ్డ పోయినాక కూడా మా వాకిట్లో నీళ్ళు తాగినోళ్ళు లేరు. ఆ చూపులు గౌరి మీద పడకూడదనే చేసినాను, అప్పలనర్సమ్మ వింటాదనే చేసినాను, ఈ క్వార్టర్ల గోడ అవతల తుమ్మితే ఇవతల చిరంజీవ అంటారు కదా, అని చెప్పుకున్నాను.

మంచి జవాబే. కానీ అబద్ధం. తలుపు వేసినాక ఎవులు విన్నారు? ఆవిడ గొంతు తగ్గించి అడిగినాది. నేనూ గొంతు తగ్గించి అవును అనొచ్చు.

అసలు సంగతి ఇది. టీ తాగుతూ ఆవిడ మా ఇల్లు చూసినాది. పాతచీరలు కలిపి కుట్టిన పరదా, అరిగిన సబ్బుముక్కలన్నీ అతికించి చేసిన ముద్ద, పెచ్చులూడిన గోడ. చూసి "ఆహా రే" అన్నాది. జాలిపడినాది. నా ఇంటిని చూసి, నా పొదుపుని చూసి జాలి! ఒకరి ముందు చెయ్యి చాపకుండా ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని. ఆ జాలి నాకు పడలేదు. మా దగ్గర ఏ లోటూ లేదని ఆవిడకి చూపించాలనిపించినాది. చూపించినాను. అంతే. ఇంకేటీ లేదు.

ఇప్పటికీ ఆ పద్ధతి మీద నాకు కోపం ఉన్నాది. ఒక పిల్లకి చదువు చెప్పడానికి ఆ పిల్ల రోగాన్ని నాలుగు కాగితాల మీద పరిచి, ఇంటి గుమ్మంలో నిలబడి కేకేసి అడగాలా? డాక్టరు రాసింది చాలదా? ఇది నేను ఎవులి ముందైనా అంటాను. కానీ అది వాళ్ళ తప్పు. వాళ్ళ తప్పు చాటున నా తప్పు దాచుకోను. సీటు పోగొట్టినానని కూడా కాదు నా బాధ. సీట్లు వస్తాయి, పోతాయి. నిజం చెప్పిన పిల్లని అబద్ధాలకోరుని చేసినాను. లోకం తనని నమ్మలేదని అది పదకొండేళ్ళుగా నమ్ముతున్నాది. నమ్మనిది లోకం కాదు. సాక్ష్యం మార్చింది నేను.

గౌరి తరవాత ఏదో చిన్న కాలేజీలో చదివినాది, లెక్కలు కాదు. ఇప్పుడు ఇదే ఊళ్ళో, ఇందా అనే పేటలో ఒక కంప్యూటరు షాపులో పనిచేస్తున్నాది. కాలేజీ సీట్ల ఫారాలు నింపుతాది. చుట్టుపక్కల పిల్లలంతా దాని దగ్గరికే వస్తారు.

మొన్న అప్పలనర్సమ్మ మనవరాలు లక్ష్మి మా అరుగు మీద కూర్చున్నాది. ఆ పిల్లకి కిడ్నీ జబ్బు. ఏడాదంతా ఆసుపత్రి చుట్టూ తిరిగినాది, మార్కులు తగ్గినాయి. అదే యూనివర్సిటీ, అదే దారి. నేను లోపల చింతపండు గింజలు తీస్తున్నాను. గౌరి గొంతు వినిపించినాది.

"జబ్బు గడి ఖాళీగా వదిలెయ్ లక్ష్మీ. మనలాటోళ్ళ రోగాన్ని ఎవులూ నమ్మరు. పైగా దొంగ అంటారు. నాకు తెలుసు."

నా చేతిలో చింతపండు అలాగే ఉండిపోయినాది. ఒక పిల్ల సీటు నేను తీసినాను. ఇప్పుడు రెండో పిల్ల సీటు కూడా నేనే తీస్తున్నాను, కూర్చున్నచోటు నుంచి కదలకుండా. ఫారానికి ఆఖరు రోజు దగ్గర పడుతున్నాది. గౌరికి చెప్తే నా ముఖం చూడదు. చెప్పకపోతే లక్ష్మి ఆ గడి ఖాళీగా వదిలేస్తాది. ఇన్నేళ్ళూ నోరు రాలేదు. నోరు రాకపోతే చెయ్యి ఉన్నాది కదా, అక్షరాలున్నాయి కదా. ఆ అక్షరాలతో ఒకసారి అబద్ధం కింద సంతకం పెట్టినాను. ఇప్పుడు నిజం కింద పెడతాను.

ఎవరో తెలీనోళ్ళకని మొదలెట్టినాను గానీ, గౌరీ, ఈ కాగితాలు నీకే. ఆవిడకి కార్డు నేను చూపించలేదు. నీకు ఏ జబ్బూ లేదని చెప్పినాను. నీ డాక్టరు కాగితం బజార్లో దొరికేదన్నాను. నీకు వచ్చిన జబ్బు టీబీ. చూడు, రాసినాను. టీబీ.

పైదంతా నిన్న రాసినాను. ఈ నాలుగు ముక్కలూ ఇవాళ.

పొద్దున్న ఈ కాగితాలూ, బియ్యంలోంచి తీసిన కార్డూ గౌరి పళ్ళెం పక్కన పెట్టినాను. నిలబడే చదివినాది. కార్డు తిప్పి చూసినాది. దాని మడత సందుల్లో ఇరుక్కున్న నూకలు రాలినాయి. నా వైపు చూడలేదు. కాగితాలు అక్కడే వదిలేసి, కార్డు ఒక్కటే పట్టుకుని పక్కింటికి వెళ్ళినాది.

గోడ అవతల నుంచి అంతా వినిపించినాది. "రాయి లక్ష్మీ. జబ్బు పేరు పెద్ద అక్షరాలతో రాయి. వాళ్ళ మనిషి వచ్చినప్పుడు నేను నీ పక్కనే ఉంటాను." అప్పుడు గొంతు పెంచినాది. "కార్డు మాత్రం ఎవులి చేతికీ ఇవ్వకు. ఇంట్లోవోళ్ళకి కూడా."

ఆ ఆఖరి మాట నాకోసమే. గోడ సంగతి దానికీ తెలుసు.

మధ్యాహ్నానికి రాలేదు. దాని పళ్ళెం మీద మూత పెట్టి నా అన్నం వడ్డించుకున్నాను. వంటకి డ్రమ్ములో చెయ్యి పెట్టినప్పుడు బియ్యం తప్ప ఏటీ తగలలేదు. బాగా ఆకలేసినాది. రెండోసారి కూడా పెట్టుకుని తిన్నాను.