ఏ చిప్ప ఎత్తినా దొరికే గింజ

మా టీచర్ గారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున పాల ప్యాకెట్లు పట్టుకుని మెట్లెక్కుతూ ఆరో మెట్టు మీద కూర్చున్నారు, మళ్ళీ లేవలేదు. ప్యాకెట్లు ఒళ్ళోనే ఉన్నాయి, ఒక్కటీ చిరగలేదు. పావుగంటలో వీధంతా తెలిసింది, పైవాటాలో ఉన్న ఆమె భర్తకి తప్ప. ఆయనకి ఇప్పటికీ తెలియదు. మేం చెప్పలేదని కాదు, మూడుసార్లు చెప్పాం. విన్నారు, "అయ్యో పాపం" అన్నారు, కాఫీ అడిగారు.

నేను ఆ ఇంట్లోనే కింది వాటాలో పదకొండేళ్ళుగా జాకెట్లు కుట్టుకుంటూ అద్దెకుంటున్నాను. అంతకుముందు ఎనిమిదో తరగతిలో ఆమె దగ్గర సైన్సు చదివాను. సైన్సు నా తలకెక్కలేదు గానీ ఆమె మాట ఒకటి ఎక్కింది. కొత్తగా వచ్చిన మేష్టారొకాయన పక్క క్లాసులో పిల్లల మీద అరుస్తుంటే వెళ్ళి, "అర్థంకాని వాళ్ళకి గట్టిగా చెప్పకూడదండీ, నెమ్మదిగా చెప్పాలి" అన్నారు. అదే మాట ఆమెకి సొంత ఇంట్లో ఎన్నిసార్లు పనికొచ్చిందో నేను కింద మిషను ముందు కూర్చుని విన్నాను.

సార్, అంటే ఆమె భర్త, విజయవాడ స్టేషనులో పార్సిల్ ఆఫీసు గుమాస్తా. ఏ మూల ఎవరి బస్తా ఉందో కాగితం చూడకుండా చెప్పేవారట. రిటైరైన కొన్నేళ్ళకి మతిమరుపు పట్టుకుంది. ముందు కళ్ళజోడు, తాళాలు. తర్వాత మా వీధి పేరు. తర్వాత మనుషులు. పిల్లల్లేని ఇల్లు, ఇద్దరే. నలభై ఏళ్ళు భార్యని "ఏమోయ్" అని పిలిచిన మనిషి, ఒకరోజు నుంచి మా అందరిలాగే "టీచర్ గారూ" అనడం మొదలుపెట్టారు. "కాస్త మంచినీళ్ళిప్పిస్తారా టీచర్ గారూ" అని పరాయింటికి వచ్చినవాడిలా అడిగేవారు. ఆమె "తెస్తున్నానండీ" అని లేచి వెళ్ళేవారు.

ఆయనకి అస్తమానం ఏదో పోయేది. రోజంతా వెతుకులాటే. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టేవారు, పరుపు ఎత్తేవారు. ఒకసారి నా కొట్లోకి దిగివచ్చి ఇద్దరు ఆడవాళ్ళ ముందు నన్ను చూపించి, "నా వాచీ తీసింది ఈవిడే" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా నోరు అసలే మంచిది కాదు, ఏదో అనేశాను కూడా. వారం రోజులు పైకి వెళ్ళలేదు. ఎనిమిదో రోజు టీచర్ గారే గిన్నెలో పెరుగు పట్టుకుని దిగివచ్చారు.

"ఆయన కోపం నీమీద కాదమ్మా. ఏదో పోయిందని ఆయనకి తెలుసు. ఏం పోయిందో తెలీట్లేదు. అందుకని నోటికొచ్చిన వస్తువు పేరు చెప్తున్నారు, ఎదురొచ్చిన మనిషిని అంటున్నారు."

నేను తల దించుకుని గిన్నె అందుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆమె ఫోనులో ఆ వీడియో చూడటం మొదలుపెట్టారు. ఎవరో తెల్లగడ్డం విదేశీ పెద్దాయన. ముందు మూడు అక్రోట్ చిప్పలు, ఒక గింజ. మన జాతరల్లో, బస్టాండ్ల వెనక మూడు మూతలు బోర్లించి తిప్పి జనం కొంప ముంచుతారే, ఆ ఆటే. గింజ ఎక్కడుందో చెప్పమంటాడు. మనం చూపించిన చిప్ప కింద ఉండదు, ఎప్పటికీ ఉండదు. చిప్పని ముందుకి తోసేటప్పుడు గింజ వెనకనుంచి జారి వేళ్ళ సందులోకి వచ్చేస్తుంది. కావాలనుకున్నప్పుడు ఇంకో చిప్పని కాస్త వెనక్కి లాగితే దాని కిందికి దూరిపోతుంది. రహస్యమంతా అంతే. గింజ ఎలా దాచాలో ఆయన చాలాసేపు నేర్పాడు. ఎలా లోపలికి పంపాలో మాత్రం చివర్లో ఐదు నిమిషాలు చెప్పి ఊరుకున్నాడు. టీచర్ గారికి కావలసింది ఆ ఐదు నిమిషాలే.

"ఈ వయసులో ఈ గారడీ ఏంటండీ?" అన్నాను.

"ఏ చిప్ప ఎత్తినా మా ఆయనకి గింజ దొరకాలమ్మా. రోజుకొక్కటైనా దొరకాలి కదా మనిషికి."

ఎదుటివాణ్ణి ఓడించడానికి లోకమంతా నేర్చుకునే మోసం అది. ఈవిడ ఎదుటివాణ్ణి గెలిపించడానికి నేర్చుకుంటానని కూర్చున్నారు. అరవై ఎనిమిదేళ్ళు, వేళ్ళ కణుపులు వాచి ఉండేవి. వన్‌టౌన్ బజారు నుంచి అరకిలో అక్రోట్లు తెప్పించి కొడితే సరైన చిప్పలు మూడే మిగిలాయి. పప్పు వీధంతా తిన్నాం. ఒక నోటుబుక్కు పెట్టి, వీడియో నెమ్మది చేసి, ఆపి ఆపి, వేళ్ళ బొమ్మలు గీసుకుని బాణం గుర్తులు పెట్టుకున్నారు. అచ్చం మాకు బోర్డు మీద కాంతికిరణాలు గీసినట్టే. ఆ గడ్డం పెద్దాయన ఇంగ్లీషు యాస అర్థమవుతోందా అని అడిగితే, "చేతులకి యాస ఏముంటుందమ్మా" అన్నారు.

మొదట్లో ఎండు బఠానీతో మొదలుపెట్టారు. అది జారడం మానేసి ఎగిరి బీరువా కిందికి పోయేది. ఒక మధ్యాహ్నం కొట్లోకి వచ్చి, "గింజ మెత్తగా ఉండాలంటున్నాడమ్మా, నీ దగ్గర ఏదైనా ఉందా?" అన్నారు. ప్యాడ్ జాకెట్లలో పెట్టే స్పాంజి ముక్క కత్తిరించి గుండ్రంగా చేసి ఇచ్చాను.

"ఇది ఎక్కడిదో సార్‌కి మాత్రం చెప్పకండి" అన్నాను.

ఆమె పడీపడీ నవ్వారు. "చెప్పినా గుర్తుండదులే" అన్నారు నవ్వుతూనే. బల్ల నున్నగా ఉండి చిప్ప ఆగడం లేదంటే ఇస్త్రీ దుప్పటి ముక్క కూడా ఇచ్చాను.

రెండు నెలలు పట్టింది. పనిచేసిన మొదటి సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. కిటికీ పక్క బల్ల మీద దుప్పటి ముక్క పరిచి, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, గింజ చూపించి, కప్పి, మూడూ తిప్పారు. ఆయన అనుమానంగా మధ్య చిప్ప మీద వేలు పెట్టారు. "ఇదేనంటారా?" అంటూ ఆమె దాన్ని రవ్వంత తనవైపు లాగారు. ఆయన ఎత్తారు. గింజ ఉంది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, తల ఎత్తి, ఆమె మొహంలోకి చూసి, "ఏమోయ్, దొరికింది" అన్నారు.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. కుళాయి తిప్పిన చప్పుడైంది. చాలాసేపు కట్టలేదు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం టీ అయ్యాక ఆ ఆట. ఆ గింజ దొరికిన క్షణంలో మాత్రమే ఆయనకి ఆమె భార్య. మళ్ళీ రెండు నిమిషాలకి టీచర్ గారే. ఆ ఒక్క పిలుపు కోసం ఆమె పొద్దుటినుంచి మిగతావన్నీ భరించేవారని నాకు తర్వాత తెలిసింది. ఒకసారి ప్రార్థనకు వచ్చిన చర్చి ఆడవాళ్ళు బల్ల మీద చిప్పలు చూసి, టీచర్ గారింట్లో జూదమని పాస్టరు గారికి చేరవేశారు. ఆయన వచ్చి, మూడుసార్లు వేలు పెట్టి, మూడుసార్లూ ఓడిపోయి, "ఇందులో మోసం ఉంది కదమ్మా" అన్నారు. "ఉందండీ, రోజూ ప్రార్థనలో ఒప్పుకుంటూనే ఉన్నాను" అన్నారు ఈవిడ. ఆయన టీ తాగి వెళ్ళారు.

అన్ని రోజులూ అలా జరిగాయని చెబితే అబద్ధమవుతుంది. కొన్ని సాయంత్రాలు ఆయన చిప్పలు విసిరికొట్టేవారు. కిందికి దొర్లిన చిప్ప కోసం ఆమె మంచం కిందికి వంగిన చప్పుడు నాకు వినపడేది. కిందటి వేసవిలో, రోహిణి కార్తె ఎండల్లో, నాలుగు జాకెట్ల గుడ్డలు తెచ్చి, "చేతులు మోచేతి దాకా పెట్టమ్మా" అన్నారు. ఈ ఎండల్లో ఏంటండీ అని టేపు పెట్టి కొలవబోతే ఆమె చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చీర కొంగు పక్కకి తొలగింది. మోచేతి పైన నల్లగా కమిలిన మచ్చలు, వేళ్ళ అచ్చులు. నేను చూశానని ఆమెకి తెలుసు. "వెతుకుతున్నారమ్మా, అంతే. నన్ను పట్టుకుని వెతుకుతున్నారు" అన్నారు. నేను కొలత మోచేతి దాకా రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందేమో, నాకిప్పటికీ తెలియదు.

ఆ రోజే అడిగారు. "నువ్వు సూదితో బతికేదానివి, నీ వేళ్ళు మాట వింటాయి. నువ్వూ నేర్చుకో. నాకేదైనా అయితే ఒకళ్ళకైనా వచ్చి ఉండాలి కదా."

"మీకేమవుతుందండీ" అన్నాను. "శ్రావణమాసం పెళ్ళిళ్ళ పని అయిపోనివ్వండి, నేర్చుకుంటాను."

శ్రావణం పోయింది. దసరా జాకెట్లన్నాను, అదీ పోయింది. క్రిస్మస్‌కి వీధిలో సగం మంది నా దగ్గరే కుట్టించుకుంటారు, అదీ పోయింది. ఆమె మళ్ళీ అడగలేదు. ఒకటి రెండుసార్లు మెట్ల దగ్గర ఆగి నా చేతులకేసి చూసేవారు. నేను మిషను తొక్కుతూ తల ఎత్తేదాన్ని కాదు. నా బద్ధకానికి పని అని పేరు పెట్టుకున్నాను, ఇప్పుడు ఎవరితో చెప్పుకోను.

సమాధి చేసేటప్పుడు ఆమెకి మోచేతి దాకా ఉన్న ఆ జాకెట్టే వేశారు. సార్‌ని నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. మట్టి వేస్తున్నప్పుడు ఆయన నా వైపు వంగి మర్యాదగా, "ఎవరండీ పోయింది?" అన్నారు.

"తెలిసిన టీచర్ గారండీ."

"మంచావిడేనా?"

"చాలా మంచావిడండీ."

ఆయన జేబురుమాలు తీసి నాకిచ్చారు.

చల్లపల్లి నుంచి ఆయన చెల్లెలు వచ్చి ఉంటున్నారు. మొదటి సాయంత్రమే నాకు కబురు పెట్టారు. టీ తాగాక అన్నయ్య ఆ బల్ల దగ్గర కూర్చుని దుప్పటి ముక్క సర్దుతున్నారట, ఎంత పిలిచినా లేవడం లేదట. నేను వెళ్ళి చిప్పలు తిప్పాను. చూస్తూ చూస్తూ ఎన్నిసార్లు చూశానో, వచ్చేస్తుందనుకున్నాను. ఆయన వేలు పెట్టి ఎత్తారు. ఖాళీ. గింజ నా వేళ్ళ మధ్యే ఉండిపోయింది. ఆయన కోప్పడలేదు. చిప్పని జాగ్రత్తగా మళ్ళీ బోర్లించి, నిరాశగా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. దానికంటే విసిరికొట్టినా బాగుండేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆమె నోటుబుక్కు తెచ్చుకున్నాను. ఆ వీడియో వెతుక్కుని, ఆమెలాగే నెమ్మది చేసి, కొట్టు కట్టేసి, ఇస్త్రీ బల్ల మీద కూర్చున్నాను. ఒకచోట బాణం గుర్తు పక్కన ఆమె రాసుకున్నారు: "చిప్పకేసి చూడకు. ఆయన మొహంకేసి చూడు." ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వరసగా ఐదు రోజులు సాయంత్రం పైకి వెళ్ళాను, ఐదు రోజులూ ఖాళీ చిప్పే ఎత్తించాను.

ఆరో రోజు, అంటే నిన్న, చిప్పకేసి చూడలేదు. ఆయన మొహంకేసి చూశాను. ఎడమ చిప్ప మీద వేలు పెట్టారు. "ఇదేనంటారా?" అని రవ్వంత లాగాను. ఎత్తారు.

గింజ ఉంది.

ఆయన మొహం విప్పారింది. రెండు వేళ్ళతో తీసుకుని, తల ఎత్తి, నోరు తెరిచి నన్ను చూశారు. కాసేపు అలాగే చూశారు. తర్వాత గింజని గుప్పిట్లో మూసుకుని, బల్ల పట్టుకుని లేచారు. వంటింట్లోకి వెళ్ళారు. అక్కణ్ణుంచి పడగ్గదిలోకి, తర్వాత పెరటి వసారాలోకి. నేను మూడు చిప్పల ముందు కూర్చుని వింటున్నాను. ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి, కాస్త నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ పిలుస్తున్నారు.

"ఏమోయ్, దొరికింది. ఏమోయ్."