తప్పు రజిత చెవులది కాదు

ఈ బరువు దించుకోవడానికి ఎన్నోసార్లు నోరు తెరిచాను. ఒక్కసారి తప్ప ప్రతిసారీ వేరే మాటేదో చెప్పి మూసుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. వింటే చిన్న విషయమే. ఒక గిటారు పెడల్ గురించి అబద్ధం చెప్పాను. అంతే.

అంతేనా?

హనుమకొండలో చదువుకునే రోజుల్లో మాకో చిన్న బ్యాండు ఉండేది. గిటారు నాది, డ్రమ్స్ శ్రీనువి. కాశిబుగ్గలో శ్రీను వాళ్లింటి మీద ఉన్న రేకుల గదిలో సాధన చేసేవాళ్లం. కింద వాళ్ల నాన్న మగ్గం ఆగాకే మా మోత మొదలవ్వాలి. అదీ షరతు.

రజిత ఆ గదికి వచ్చింది. కాలేజీలో నాకంటే చిన్నది. వర్ధన్నపేట దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. వాళ్లమ్మ కుట్టిన సంచిలో గిటారు పెట్టుకుని బస్సులో వచ్చేది. ఆమె దగ్గరో ఫజ్ పెట్టె ఉండేది. గిటారు శబ్దాన్ని గరుకుగా, గొంగడిలా దట్టంగా మార్చే పెట్టె అది. మొదటి రోజు దాన్ని నొక్కి, తొందరేమీ లేకుండా, లావు తీగను ఒక్కసారి మీటింది. పైన రేకులు అదిరాయి. శ్రీను పుల్లలు పక్కన పడేసి నవ్వాడు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఏదో కుంగింది.

కాలేజీ ఉత్సవంలో ముఖ్యమైన వాయింపు రజితదే అన్నాడు శ్రీను. నేను తలూపాను.

ఆమెకు వా పెడల్ కావాలి. కాలితో తొక్కే పెడల్ అది. మడమ వైపు వంచితే శబ్దం నోరు మూసుకుంటుంది, వేళ్ల వైపు వంచితే తెరుచుకుంటుంది. తెలిసినవాళ్ల దగ్గర నుంచి రెండు తెప్పించాను. తనకు పరీక్షలున్నాయని రజిత తన ఫజ్ పెట్టె నా చేతిలో పెట్టి, విని ఏది బాగుంటే అది చెప్పమంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం విన్నాను. నల్లది పాతరకం. ఫజ్‌కు ముందు, అంటే గిటారుకూ ఫజ్‌కూ మధ్య, కలిపితే దాని గొంతు చచ్చిపోయింది. కాలు ఎంత ఆడించినా మార్పు లేదు. చివరిదాకా తొక్కితే చెవులు చిల్లులు పడేలా ఈల. రెండోది ఫజ్‌తో కుదిరేలా తయారైనది, హాయిగా పాడింది. ఊరికే చూద్దామని నల్లదాన్ని ఫజ్ తర్వాత కలిపాను. అప్పుడు అదీ పలికింది, మొరటుగా, పెద్దగా. అంటే ఏది ఎక్కడ పెట్టాలో, ఏది పెట్టకూడదో, నాకు ఆ మధ్యాహ్నమే పూర్తిగా తెలుసు.

“విన్నవా అన్నా, నా ఫజ్‌తోని పెట్టి?” అని అడిగింది రజిత.

“విన్న. నల్లదే తీస్కో. ఫజ్‌కు ముందల పెట్టు.”

“మరి ఇంకోటి?”

“అది పల్చగున్నది. నీ మోతకు ఆగది.”

“సరే అన్నా. నువ్వు చెప్పినంక ఇంకేం ఫికర్.”

ఎందుకు చెప్పాను? అసూయ అంటే సరిపోతుందా? ఆ గదిలో మొదటివాణ్ని నేనేనని నమ్ముకుని, ఆ నమ్మకం మీదే నడుస్తూ వచ్చి, ఒక్క మీటుతో అది వేరొకరిదైపోతుంటే చూసి ఓర్వలేక, ఆమె ఒక్కసారి తడబడితే చాలు, ఒక్కసారే, అనుకున్నానేమో. తెలియదు. ఇప్పటికీ వెతుక్కుంటున్నాను.

సాధనలో ఆమె పసిగట్టింది. గొంతు తెరుచుకోవడం లేదంది. కాలు కుదరాలి, చెవి అలవాటు పడాలి అన్నాను. మొదటి అబద్ధం కంటే ఇది నీచమైనది. పెడల్‌ను కాపాడి చెవులను తప్పుపట్టాను.

ఉత్సవం రోజు వేదిక మీద ఆ ఈల లేచింది. జనం నవ్వారు. “ఆడివిల్లకెందుకే గీ మోత!” అని ముందు వరసలో ఎవరో అరిచారు. నేను పక్కనే ఉన్నాను. వంగి ఆ వైర్లు అటుదిటు మారిస్తే చాలు. వంగలేదు. ఆమె గిటారు వైరు పీకేసి దిగిపోయింది. మిగతాది నేను వాయించాను, నా సంచిలో ఉన్న రెండో పెడల్‌తో. చప్పట్లు కొట్టారు.

కిందికి దిగాక ఆమె నాతో అన్న మాట ఇది: “తప్పు నా చెవులదే అన్నా. నువ్వు మంచిదే చెప్పినవ్.”

ఆ తర్వాత రజిత రేకుల గదికి రాలేదు. భయపడిందిలే అన్నాడు శ్రీను. నేను కాదనలేదు.

ఇప్పుడామె హనుమకొండలో ఓ దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్. మొన్నీమధ్య ఫోన్ చేసింది. “మళ్ల వాయిస్తాన అన్నా. వా పెడల్ కొందామనుకుంటాన. ఏది తీస్కోమంటవ్?”

ఇన్నేళ్ల తర్వాత కూడా నన్నే అడిగింది. ఈసారి సరైనది చెప్పేస్తే సరిపోతుందనిపించింది ఒక్క క్షణం. పాతది పాతలోనే పోతుంది, ఎవరికీ తెలియదు. కానీ మంచి పెడల్ కొనుక్కున్నా, తన చెవులు మంచివి కావన్న నమ్మకం మాత్రం ఆమెతోనే ఉండిపోతుంది కదా?

మర్నాడు భోజనం వేళ దవాఖానా క్యాంటీన్‌లో కలిసి అంతా చెప్పాను. తడబడుతూ, వరస తప్పుతూ. ఆమె టీ గ్లాసు ముట్టలేదు. చివరకు ఒక్కటే అడిగింది.

“అయితే అప్పుడు నాకు వినవడ్డది నిజమేనా?”

“నిజమే.”

టీ గ్లాసు పక్కకు జరిపింది. కోపమో, ఇంకేదో, ఆ ముఖాన్ని చదివే హక్కు నాకు లేదు. తర్వాత, “ఇగ నువ్వు పో” అంది. అన్నా అనలేదు.

తర్వాతి సంగతి శ్రీను చెప్పాడు. తన ఫజ్ పెట్టె బ్యాగులో వేసుకుని రజిత ఒక్కతే హైదరాబాద్ వెళ్లిందట. దుకాణంలో కూర్చుని ఒక్కో పెడల్‌నూ ఫజ్‌కు ముందోసారి, వెనకోసారి కలిపి విన్నదట. దుకాణం అతను సలహా ఇవ్వబోతే, జర ఆగు, నన్ను విననియ్యి అన్నదట. తనకు నచ్చింది తెచ్చుకుంది. ఇప్పుడు ఆదివారాలు వాళ్లిద్దరూ వాయిస్తున్నారు. పైన రేకులు ఉంటయో పోతయో అని శ్రీను నవ్వుతున్నాడు. నన్ను రమ్మనలేదు. రమ్మంటారని ఎదురుచూడటమూ లేదు.

క్షమించమని ఆమెను అడగలేదు. అడిగితే అదీ ఆమె మీద ఇంకో బరువు పెట్టడమే. కానీ ఆమె మళ్లీ తన చెవులతో తాను వింటోంది. ఆ సంగతి తలుచుకుంటే మనసుకు సంతోషంగా ఉంది. ఆమె సంతోషంలో నాకు భాగం లేదు, అయినా.

రజిత ఆనాడు సరిగ్గానే విన్నది. నేనే అబద్ధం చెప్పాను. ఇంత తిన్నగా ఈ మాట ఎప్పుడూ రాయలేదు. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది.