బ్రేకు రోజుల్లో తిన్న భోజనాలు

ఆ ఆఫీసర్‌ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పటాన్‌చెరు దగ్గరి ఫ్యాక్టరీలో నేను ఆయన కింద కంప్యూటర్ ఆపరేటర్‌ని. మా అన్న అక్కడే తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు వెల్డర్. పర్మినెంట్ జాబితా వేస్తున్నారని తెలిసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు వచ్చాడు.

"నీ సర్వీసుల బ్రేకులున్నయ్. ఆర్నెల్లకోసారి బంద్ పెట్టినవ్. ఇగ పర్మినెంట్ ఎట్లయితది?" అన్నాడు ఆఫీసర్.

"నేనేడ బంద్ పెట్టిన సార్? జెరమొచ్చినా డ్యూటీకొచ్చిన."

"కాగితం గట్ల చెప్తలేదు. జావ్."

జావ్ అట! కుక్కను తోలినట్టు తోలాడు. అన్న నావైపు చూడకుండానే వెళ్లిపోయాడు, నలుగురిలో చెల్లెలి పరువు పోతుందని.

బ్రేకు అంటే ఏమిటో ఆ ఆఫీసర్‌కీ తెలుసు, నాకూ తెలుసు. ఆగకుండా పనిచేసినట్టు ఉంటే కాంట్రాక్టు వాళ్లు పర్మినెంట్ అడుగుతారు. అందుకని ఆర్నెల్లకోసారి నాలుగు రోజులు రానట్టు హాజరు ఫైల్లో ఎక్కిస్తారు. మనిషి మాత్రం వస్తూనే ఉంటాడు. ఎక్కించేది నేనే. ఆఫీసర్ చిట్టీ ఇస్తాడు. దాని మీద పేర్లుండవు, పనివాళ్ల టోకెన్ నంబర్లే. నేను టైపు కొట్టగానే చిట్టీ చింపేస్తాడు. అందరికీ వేసేదే కదా, ఉత్త కాగితమే కదా అనుకునేదాన్ని.

ఆ రోజు మాత్రం వీడి పని పట్టాల్సిందే అనుకున్నాను.

అన్న వచ్చాడని గేటు మిషన్‌కు తెలుసు, భోజనం పెట్టిన క్యాంటీన్ మిషన్‌కు తెలుసు. ఆ రెండు ఫైళ్లనూ హాజరు ఫైలుతో పోలిస్తే చాలు. కానీ తేదీ రాయడంలో ఒక్కోదానిది ఒక్కో తీరు. హాజరులో సంవత్సరం ముందు, క్యాంటీన్‌లో రోజు ముందు, విదేశం నుంచి తెచ్చిన గేటు మిషన్‌లో నెల ముందు. గేటు ఫైల్లో మే నాలుగు మన కళ్లకు ఏప్రిల్ ఐదులా కనబడుతుంది. వేల వరుసలు, కంటితో అయ్యే పని కాదు. భోజనం గంటలో ఫోన్‌లో వీడియోలు చూస్తూ ఫైళ్లను పోల్చిపెట్టే చిన్న ప్రోగ్రాం, అంటే స్క్రిప్ట్, రాయడం నేర్చుకున్నాను.

మొదటిసారి నడిపితే అన్న గేటు దాటకుండానే క్యాంటీన్‌లో తిన్నట్టు వచ్చింది. ఓరి దేవుడా, గోడ దూకి పప్పన్నం తినే మనిషా మా అన్న! చూస్తే తప్పు నాదే. రోజేదో నెలేదో స్క్రిప్ట్‌నే ఊహించుకోమని వదిలేశాను. పదమూడో నెల లేదు కాబట్టి పన్నెండు దాటిన తేదీలు సరిగ్గా పడ్డాయి, ఆ లోపలివి తారుమారయ్యాయి. ఏ ఫైల్లో ఏది ముందో విడివిడిగా చెప్పి, అన్నింటినీ ఒకే తీరులోకి మార్చి మళ్లీ పోల్చాను. ప్రతి బ్రేకు రోజునా పొద్దున గేటులో అన్న టోకెన్, మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్న భోజనం. ఒక్కరోజు కూడా తప్పలేదు. పళ్లు కొరుకుతూ కాంట్రాక్టు వాళ్లందరి నంబర్లూ వేసి నడిపాను. అందరిదీ అదే కథ.

ముందే ఆఫీసర్‌కు చెబితే గుట్టుగా సర్దేసుకునేవాడేమో. ఆ అవకాశం ఎందుకివ్వాలి? ప్రింటు తీసి నేరుగా సంగారెడ్డిలో లేబర్ ఆఫీసులో ఇచ్చాను.

విచారణ రోజు లేబర్ ఆఫీసర్ మేడం కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతుంటే, మా ఆఫీసర్ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. నా కడుపు చల్లబడింది. ఆఖరి కాగితం దగ్గర అతను నోరు తెరిచాడు.

"మేడం, గా బ్రేకులు ఎవరి లాగిన్‌తోని ఎక్కినయో గది గూడ అడుగుండ్రి."

"నాదే మేడం," అన్నాను. "ఈయన చెప్తే నేను కొట్టిన. ముందు నా పేరు రాయుండ్రి, దాని పక్కకే ఈయనది రాయుండ్రి." నా ఉద్యోగం పోతే పోనీ, వాణ్ని మాత్రం వదలను. మేడం రెండు పేర్లూ రాసుకుంది.

వెనక బెంచీ మీద నుంచి అన్న లేచాడు.

"చెల్లె, నా టోకెన్ నంబర్ నీకు యాదికి లేకుండెనా?"

తొమ్మిదేళ్లు ఒకే బస్సులో డ్యూటీకి వెళ్లినవాళ్లం. ఏమని అబద్ధమాడను?

"ఉండె," అన్నాను.

అన్న మళ్లీ కూర్చోలేదు, తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆఫీసర్ మొహం మాడిపోవడం చూడాలని నెల రోజులు కాచుకున్నాను. అది నా ఎదురుగానే ఉంది. నేను తల ఎత్తలేదు.