పదకొండో సెల్

తెనాలిలో మాది బ్యాటరీ షాపు. రిపేర్లు నావి, కౌంటరు మా ఆయనది. ఈ రోజు ఉదయం కొల్లూరు నుంచి అరటి గెలలు తోలే పెద్దాయన తన ఎలక్ట్రిక్ ఆటోని తాడు కట్టించి లాక్కొచ్చారు. ఫుల్ ఛార్జింగ్ పెట్టినా సగం దారిలో ఆగిపోతోందట. బ్యాటరీ మొత్తం మార్చాల్సిందేనని ఎవరో చెప్పారట.

నేను మూత విప్పుతుంటే ఆయన మా ఆయన వైపు తిరిగి, "సార్, మీరొకసారి చూడకూడదా?" అన్నారు. మా ఆయన నా వైపు చెయ్యి చూపించారు.

లోపల పదహారు సెల్స్ వరసగా కలిపి ఉన్నాయి. రెండు చివర్లా మీటరు పెడితే యాభై ఒకటిన్నర వోల్టులు చూపించింది.

"బానే ఉందిగామ్మా, ఇంకేంటి చూసేది?"

"మొత్తం చూస్తే తెలీదు బాబాయ్ గారూ, ఒక్కోదాన్నీ చూడాలి," అని మీటరు ఆయన చేతికే ఇచ్చాను. పది సెల్స్ మూడు వోల్టులు దాటాయి. పదకొండోది రెండు దగ్గరే ఆగింది. మిగతా అయిదూ బాగానే ఉన్నాయి.

"ఈ ఒక్కదాని వల్లేనా?"

"అవునండి. కరెంటు దీన్ని దాటుకునే పోవాలిగా."

ఆ ఒక్కటే మార్చాను. సాయంత్రం ఆయన ఆటోని పొన్నూరు రోడ్డు మీద తిప్పుకొచ్చి, నేరుగా కౌంటరు దగ్గరికెళ్లి మా ఆయన చెయ్యి పట్టుకున్నారు. "చాలా థ్యాంక్సండి సార్!"

"బాబాయ్ గారూ, మీటరు తప్పు చోట పెట్టారు. ఇటు పెట్టండి," అని మసి చెయ్యి చాచాను. ఆయన నవ్వి, వచ్చి పట్టుకున్నారు.

మీ పనికి పక్కవాళ్లు థ్యాంక్స్ అందుకుంటుంటే మీరేం చేస్తున్నారు? నేనైతే ఇకనుంచి అడిగే పుచ్చుకుంటాను.