కెమెరా ముందు వంగని వాళ్లు

ఇది మాఘ పున్నమి, మంగళవారం, పగలు నాలుగు గంటలకు జరిగింది. మగపిల్లాడిగా పుట్టి ఆడదానిగా బతుకుతూ నాటకాలాడే నా మీద సినిమా తీయడానికి బొంబాయి వాళ్లు ధర్మాబాద్‌కు వచ్చారు. నేను ఎల్లమ్మ వేషం కట్టాను. ఆటకు ముందు మేళమంతా ఎల్లమ్మ కాళ్లు మొక్కడం మా రివాజు. అది కెమెరా ముందు చేయమన్నారు. ఎవడూ వంగలేదు.

"సినిమా మా అత్తగారి ఊర్ల గూడ ఆడుతది అక్కా. మొగోని కాళ్లు మొక్కిండని నవ్వుతరు," అన్నాడు రాజు వేషగాడు.

"అక్కా అనుకుంటనే మొగోడంటవారా? నిన్న మొక్కింది ఎవల కాళ్లురా?"

"నిన్న అమ్మవారివి. గిప్పుడు కెమెరా ఉంది."

కిరీటం తీసి వాడి ముఖాన కొట్టాను. సినిమా ఆగిపోయింది.

ముసలితనంలో అక్షరాలు నేర్చాను గనుక, ఆ రోజు మేం లేమని ఎవరూ తప్పించుకోకుండా రాస్తున్నాను: రాజు వేషగాడు, హార్మోనియం వాయించే ముసలాయన, డోలు కొట్టే అన్నదమ్ములు, బఫూను, బొంబాయి వాళ్లిద్దరు, నేను.